బరువు మోయునది టైరా, గాలియా?

మిర్చి కాలము వచ్చినదన్న వరంగల్లు చుట్టుపట్ల దారులన్నియు ఎనుమాముల మార్కెట్టు వైపే సాగును. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట ప్రాంతముల నుండి బస్తాలు నింపుకొని వచ్చెడి వానిలో వెనుకటివలె ఎడ్లబండ్లు కానరావు. వాని స్థానమును పికప్పు బండ్లు ఆక్రమించినవి. పెద్ద లారీ చొరలేని పల్లెబాటలలోనికి పోయి, చేని గట్టున సరకు నెత్తుకొని, సాయంకాలమునకు మట్టెవాడ సందులలో ఇంటి ముంగిట వచ్చి నిలుచు ఈ బండి ఎందరో గృహస్థులకు పాడిగేదె వంటిది. అది ఒకనాడు కదలకున్న ఆనాటి రాబడి లేదు. నెల తిరుగగానే కట్టవలసిన వాయిదా మాత్రము తప్పదు.

ఇట్టి బండికి పాత టైర్లు తీసి కొత్తవి వేయవలసి వచ్చినప్పుడు ఏమి చూచి కొనవలెను? ఈ సంగతి తెలిసికొనగోరి మేము ఒకనాటి ఉదయమున మట్టెవాడ దాపున ఒక టైర్ల దుకాణములో కొంతసేపు కూర్చుంటిమి. వచ్చినవారిలో ఒక నడివయస్సు బండి యజమాని, "సేటూ, వెనక రెండు టైర్లు గుండయినయి. జర సస్తాల మంచియి చూపెట్టు" అనెను. దుకాణదారు, "పైసల సంగతి తర్వాత చూద్దాం గని, అన్నా, బండి మీద ఎంత మాల్ ఏస్తవు?" అని యడిగెను. ఆయన నవ్వి, "ఎంత పడితే అంత" అనెను. చిక్కంతయు ఆ యొక్క మాటలోనే యున్నది.

టైరు బరువు మోయునని మనమందరము తలతుము. నిజమునకు బరువు మోయునది టైరులోని గాలి. గాలి పోయిన టైరు ఖాళీ బండినైనను నిలబెట్టలేదు గదా! టైరు చేయు పని ఆ గాలిని బిగబట్టి యుంచుట, నేలను పట్టుకొనుట. స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరునకు పేటెంటు పొందెను గాని అది వాడుకలోనికి రాక మరుగున పడెను. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు దానిని మరల కనిపెట్టి పేటెంటు పొందెను. తన కుమారుని మూడు చక్రముల సైకిలు కుదుపు లేక సాగవలెనన్నదే ఆయన మొదటి కోరిక. నాటి బాలుని సైకిలు మొదలు నేటి మిర్చి బండి వరకు సూత్రము ఒక్కటే. ఎక్కువ బరువు మోయవలెనన్న ఎక్కువ గాలి కావలెను. ఎక్కువ గాలిని పట్టి యుంచుటకు బలమైన టైరు కావలెను. కావున టైరును ఎన్నుకొనుట యనగా మన బరువునకు కావలసిన గాలిని భద్రముగా పట్టి యుంచు పాత్రను ఎన్నుకొనుటయే.

సంతలో ఎద్దును కొనువాడు మొదట పళ్ళు చూచును. టైరునకు పళ్ళవంటివి దాని ప్రక్క గోడమీది అక్షరములు, అంకెలు. చిన్న సరకు బండ్లకు వాడు ఒక టైరుమీద '145 ఆర్ 12 ఎల్.టి. 8 పి.ఆర్.' అని యుండును. అందు 145 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆర్ అనగా రేడియల్ పద్ధతిని చేసినదని. 12 అనునది రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. ఎల్.టి. అను గుర్తు తేలికరకపు సరకు బండ్లకు ఉద్దేశించినదని తెలుపును. రిమ్ము కొలత సరిపోయినంత మాత్రమున కారు టైరును సరకు బండికి తొడుగరాదు.

పి.ఆర్. అను గుర్తునకు ఒక చిన్న చరిత్ర కలదు. పూర్వము టైరు లోపలి పొరలను నూలుగుడ్డతో చేయుచుండిరి. ఎన్ని పొరలో అంత బలము. 1934లో నెలకొని, మూతపడువరకు వేలమందికి అన్నము పెట్టిన ఆజంజాహి మిల్లును ఎరిగిన వరంగల్లు వారికి నూలు బలమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత నూలు పోయి నైలాను, ఉక్కుతీగలు వచ్చినవి. నేడు 8 అని వ్రాసియున్నను లోపల ఎనిమిది పొరలు ఉండవు. అది బలమును పోల్చి చెప్పు పాత లెక్క మాత్రమే.

అంతకన్న సూటిగా చెప్పునది బరువు సంఖ్య. కొలత ప్రక్కనే రెండు లేక మూడంకెల సంఖ్యయు, దాని వెంట ఒక అక్షరమును ఉండును. 100 అని యున్న ఆ టైరు 800 కిలోలు మోయగలదు. 108 అని యున్న 1,000 కిలోలు, 110 అని యున్న 1,060 కిలోలు, 115 అని యున్న 1,215 కిలోలు. ఇది ఒక్క టైరు మోయు బరువు. అదియు నిర్ణయించిన గాలి పూర్తిగా నున్నప్పుడు మాత్రమే. వెంటనున్న అక్షరము వేగపు హద్దు. ఎన్ అనగా గంటకు 140 కిలోమీటర్లు, క్యూ అనగా 160.

ఇప్పుడు మన యజమాని "ఎంత పడితే అంత" అనిన మాటను లెక్కలో పెట్టి చూతము. ఉదాహరణకు 1,300 కిలోల సరకు మోయుటకు అనుమతిగల బండి యనుకొందము. నిండుగ నున్నప్పుడు వెనుక ఇరుసు మీద 1,900 కిలోలు పడునని తలతము. ఒక్కొక్క వెనుక టైరునకు 950 కిలోలు. 110 సంఖ్యగల టైరు ఈ భారమును సుఖముగా మోయును. బస్తా 40 కిలోలైన, 32 బస్తాలకు 1,280 కిలోలు. సరిగా హద్దులో నున్నట్లు. అదే బండిలో 45 బస్తాలు వేసితిమా, సరకు 1,800 కిలోలగును. ఎక్కువైన 500 కిలోలలో దాదాపు అంతయు వెనుక ఇరుసు మీదనే పడును గనుక ఒక్కొక్క టైరు 1,200 కిలోలు మోయవలసి వచ్చును. 1,060 మోయవలసిన దానిచే 1,200 మోయించుట మనిషిచేత కూడ చేయించరాని పని.

"అట్లైన 115 సంఖ్యగల టైరే వేయుదము" అని కొందరు అందురు. టైరు బలిసినంత మాత్రమున బండి బలియదు. ఇరుసు, కమానుపట్టీలు, బ్రేకులు పాతవే గదా! అంతేకాదు, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము హద్దు మీరిన బరువునకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలు. పదమూడు బస్తాల కిరాయి ఏనాటికి ఈ జరిమానాకు సరితూగును?

ఇక గాలి సంగతి. మన ప్రాంతమున ఒక నమ్మకము బలముగా నున్నది. ఎండకాలమున గాలి వేడెక్కి ఉబ్బును గనుక టైరు పగులకుండ కొంత గాలి తగ్గించవలెనని చాలమంది నమ్ముదురు. దుకాణములో కూర్చున్న ఆ యజమానియు అట్లే నమ్మినవాడు. గత వేసవిలో ఆయన పెద్దకుమారుడు గాలి తగ్గించి, బస్తాలు పెంచి, మిట్టమధ్యాహ్నమున బయలుదేరెను. దారిలో వెనుక టైరు పేలెను. బండి ప్రక్కకు ఒరిగి బస్తాలు రోడ్డు పాలయ్యెను. చిన్నవాని చేయి విరిగెను. "పైసలు పోతే పోయినయి, పోరడు బతికిండు" అని ఆ తండ్రి చెప్పుచున్నప్పుడు దుకాణములోని వారందరు కొంతసేపు మాటలాడలేదు.

ఆ టైరు ఏల పేలెను? చక్రము తిరుగునప్పుడు నేలకు తగిలిన చోట టైరు గోడ వంగి, మరల నిటారగును. నిమిషమునకు కొన్ని వందల మారులు ఇట్లు వంగి లేచును. ఇనుపతీగను పదేపదే వంచిన వేడెక్కునట్లే రబ్బరును వేడెక్కును. గాలి తక్కువైన కొలది గోడ మరింత వంగును. బరువు ఎక్కువైన కొలది ఇంకను వంగును. రబ్బరు వేడిని త్వరగా బయటకు పంపలేదు. లోపల పేరుకొన్న వేడికి రబ్బరు, లోపలి పొరలు ఒకదానినొకటి విడును. అట్లు విడిన చోట టైరు పగులును. 45 డిగ్రీల ఎండలో మండుచున్న తారురోడ్డు ఈ వేడికి తోడగును. అనగా టైరునకు గాలి ఎక్కువ అగుటకన్న తక్కువ అగుటయే పెద్ద గండము.

గాలి వేడికి ఉబ్బుట నిజమే. 25 డిగ్రీల వద్ద 50 పాయింట్లు పట్టిన టైరు 65 డిగ్రీలకు వేడెక్కినప్పుడు సుమారు 58 పాయింట్లు చూపును. టైరు చేయువారు దీనిని ముందే లెక్కలోనికి తీసికొని యుందురు. కావున దారిలో వేడి టైరునుండి గాలి తీయరాదు. ఉదయమున బండి కదలకమునుపు, టైరు చల్లగా నున్నప్పుడే గాలి చూచుకొనవలెను. ఎంత పట్టవలెనన్నది బండి తలుపు దాపున అంటించిన కాగితముమీదనో, బండితో ఇచ్చిన పుస్తకములోనో యుండును. ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి మరియొక లెక్క యున్నచో రెండింటిని గుర్తుంచుకొనవలెను.

కొనునప్పుడు చూడవలసినవి మరి కొన్ని కలవు. మొదటిది వయస్సు. టైరుమీద నాలుగంకెలు అండాకారపు గీతలో నుండును. 2325 అని యున్నచో 2025వ సంవత్సరము 23వ వారమున తయారైనదని భావము. అరుగకున్నను రబ్బరు ఏండ్లు గడిచిన కొలది గట్టిపడి బీటలు వారును. కావున చౌకగా వచ్చినదని దుకాణపు మూలన ఏండ్ల తరబడి నిలువయున్న దానిని తెచ్చుకొనరాదు. రెండవది ఐ.ఎస్.ఐ. గుర్తు. అది లేని కొత్త టైరును కొనకుండుట మేలు.

మూడవది జోడు. కాడికి కట్టు ఎడ్లలో ఒకటి బలిసినది, ఒకటి బక్కది యైన నాగలి సరిగా సాగదు. అట్లే ఒకే ఇరుసుమీద రెండు టైర్లును ఒకే కొలత, ఒకే రకము, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. రేడియల్ ఒక ప్రక్క, పాత పద్ధతి టైరు వేరొక ప్రక్క వేయుట ప్రమాదకరము. రెండు మాత్రమే కొత్తవి కొన్నప్పుడు సాధారణముగా వెనుక వేయుట మంచిది. తడిరోడ్డుమీద వెనుక భాగము జారినచో బండిని అదుపు చేయుట మిక్కిలి కష్టము. కొత్త రబ్బరు అతికించిన పాత టైర్లను ముందు చక్రములకు వేయవలదని మేము గట్టిగా చెప్పుదుము.

నాలుగవది గాడులు. తారురోడ్డుమీదనే తిరుగు బండికి నిడుపు గాడులున్న టైరు తక్కువ అరుగును, తక్కువ నూనె త్రాగును. చేని బాటలు, బురద ఎక్కువైన వారికి విడివిడి దిమ్మెలున్న టైరు పట్టునిచ్చును. చూచుటకు మోటుగా నున్నదే బలమైనదని తలచుట పొరపాటు. బలము చెప్పునది అచ్చు కాదు, బరువు సంఖ్య.

ధరను ఏ విధమున చూడవలెను? ఊహించిన లెక్క ఒకటి చూడుడు. 6,000 రూపాయల టైరు 30,000 కిలోమీటర్లు నడచినచో కిలోమీటరునకు 20 పైసలు పడినట్లు. 8,000 రూపాయల టైరు 50,000 కిలోమీటర్లు నడచినచో 16 పైసలే. చౌకది ప్రియమైనది; ప్రియమైనది చౌకయైనది. కాని గాలి చూడనివానికి, హద్దు మీరి బరువు వేయువానికి ఈ రెండవ టైరు కూడ 50,000 నడువదు.

పాతవానిని ఎప్పుడు మార్చవలెను? గాడుల అడుగున చిన్న రబ్బరు మెట్లు అక్కడక్కడ నుండును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినప్పుడు ఆ మెట్లు నేలకు సమమగును. అంతకు దిగిన టైరుతో ఇట్టి బండిని నడుపుట చట్టవిరుద్ధము. తీసివేయు ముందు అరిగిన తీరును చూడుడు. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. రెండంచులు అరిగినచో గాలి తక్కువ. ఒక్క అంచే అరిగినచో చక్రముల వరుస తప్పినది. ఆ దోషము దిద్దక కొత్తవి వేసిన అవియు అట్లే పాడగును.

ఈ ప్రసంగమును ఇంట కూర్చుండి వినుచున్న తల్లులకు, అక్కలకు ఒక మాట. బండి నడుపువాడు తొందరలో నుండును. పాల లెక్క వ్రాసుకొను క్యాలెండరుమీదనే పదునైదు దినములకొకమారు 'గాలి' అని వ్రాసి పెట్టుడు. ఆ దినమున నాలుగు చక్రములతోపాటు స్టెప్నీని కూడ చూచెనో లేదో అడుగుడు. బయలుదేరునప్పుడు "బస్తాలెన్ని?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

మా యజమాని ఆనాడు తన బండి పుస్తకములోని కొలతకు, బరువు సంఖ్యకు సరిపోయిన రెండు టైర్లు కొనెను. ఆయన తలచినదానికన్న ధర కొంచెము ఎక్కువే యయ్యెను. బిగించుచుండగా వ్రేళ్ళమీద లెక్కపెట్టి, "ముప్పైరెండు బస్తాలంటే రెండు ట్రిప్పులు గొట్టాలె, డీజిల్ ఎక్కువైతది" అని గొణిగెను. అది నిజమే. కాదని మేము అనలేకపోతిమి. కొంత తడవు ఊరకుండి ఆయనే, "పోనీ, పోరడే గదా నడిపేది" అని, గాలి ఎన్ని పాయింట్లో అడిగి చిట్టీమీద వ్రాయించుకొని వెడలిపోయెను.