ఈకతో గట్టిన యీగ

మన పల్నాటిసీమలో గాలమును, ఎఱను ఎఱుగని బాలుడు లేడు. వానపామును గాని, పిండిముద్దను గాని, చిన్నకప్పను గాని కొక్కెమునకు గ్రుచ్చి చెఱువులో విడుచుట మనవారి పద్ధతి. అయితే తినదగిన దేదియు కొక్కెమున లేకుండగనే చేపను పట్టు విద్య యొకటి కలదు. పట్టుదారముతోను, ఉన్నితోను, పక్షియీకలతోను పురుగును పోలిన బొమ్మను కొక్కెముపై గట్టి, దానిచే చేపను మోసపుచ్చుదురు. ఆంగ్లేయులు దీనిని ఫ్లై యందురు. మనము దీనిని మాయయీగ యని పిలుతము. పేరున ఈగయే యైనను, నీటిపురుగులు, మిడుతలు, చిన్నచేపలు, కప్పలు మున్నగువానిని పోలినవన్నియు నీ నామమునే వహించును. ఈ విద్య యెట్లు పుట్టెనో, దానిని యెట్లు సాధింతురో, అందుండి మనము నేర్వదగిన దేమో యిందు వివరించెదము.

ఇది మిక్కిలి ప్రాచీనమైన విద్య. సుమారు క్రీ. శ. 200 ప్రాంతమున ఏలియను అను రోమక గ్రంథకర్త గ్రీకుభాషలో జంతువులను గూర్చి వ్రాసిన పుస్తకమున దీని వర్ణనము కలదు. మాసిదోనియ దేశమున బెరయ, థెస్సలొనీక పట్టణముల నడుమ ప్రవహించు నొక యేటిలో మచ్చలు గల చేపలున్నవనియు, అవి నీటిపై దిరుగు ఒకానొక యీగను తినుచుండుననియు నతడు చెప్పెను. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయమును చదివినవారికి ఈ పట్టణముల పేర్లు పరిచితములే. అచటివారు నిజమైన యీగను ఎఱగా నుపయోగింపరైరి. ఏలయన మనుష్యుని చేయి తగిలినంతనే దాని వన్నె చెడి, ఱెక్కలు వాడిపోవును. అందుచే వారు కొక్కెమునకు ఎఱ్ఱని యున్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది యీకలను రెంటిని దానికి గట్టి, చేపలను పట్టుచుండిరి. ఉన్ని, కోడియీక: ఈ రెండే వారి సామగ్రి.

ఇంగ్లండున 1496లో ముద్రితమైన యొక చిన్న గాలపుగ్రంథమున పండ్రెండు మాయయీగలు, ఏ మాసమున నేది తగునో ఆ క్రమమున చెప్పబడినవి. జూలియానా బెర్నర్స్ అను మఠకన్య దానిని రచించెనని ప్రతీతి. 1653లో ఐజాక్ వాల్టను ప్రకటించిన ప్రసిద్ధగ్రంథమునకు చార్లెస్ కాటను 1676లో ఈ విద్యను గూర్చిన భాగమును చేర్చెను. అతడును మాసక్రమమునే పాటించెను. ఏ ఋతువున ఏ పురుగు పుట్టునో ఎఱుగనివానికి ఈ విద్య అబ్బదనుట దీనివలన స్పష్టమగుచున్నది.

ఏటిపురుగులలో మేఫ్లై యనునది ముఖ్యమైనది. అది బాల్యమంతయు నీటిలోనే గడపి, తుదకు పైకి తేలి, చర్మము విడిచి ఱెక్కలు దాల్చును. పిదప దానికి తినుటకు పనికివచ్చు నోరుండదు; కొలది కాలములోనే గ్రుడ్లు పెట్టి చచ్చును. అట్టివి వేనవేలుగ నొకేమారు లేచినపుడు చేపలు అన్యాహారమును విడిచి వానినే మ్రింగుచుండును. తొలకరివానకు ఉసిళ్లు లేచి చెఱువుపై బడగా చేపలు నీటిపై తుళ్లుట చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును.

చేప యేమి చూచునో కూడ తెలిసికొనవలెను. కాంతి వక్రీభవనముచే నీటిలోని చేపకు పైలోకమంతయు సుమారు 97 డిగ్రీల కోణము గల యొక గుండ్రని గవాక్షమునుండి మాత్రమే కనబడును. దాని వెలుపల నీటితలము అద్దమువలె అడుగును ప్రతిబింబించును. ఈగ యా గవాక్షమునకు దూరమున నుండగా చేపకు దోచునది, దాని కాళ్లు నీటిని నొక్కినచోట మెఱయు చుక్కలే. అందుచే కాళ్లను పోలిన యీకలను సరిగ నమర్చుట ముఖ్యము. కన్నులు, నోరు దిద్దుటతో అంతగా బనిలేదు.

ఇక కట్టు విధము. మొదట కొక్కెమును చిన్న వైసున బిగించి, మైనము రుద్దిన సన్నని పట్టుదారమును కొక్కెపు కంటివెనుకనుండి వంపువఱకు ఒత్తుగ చుట్టవలెను; ఈ పునాది లేనిచో పైకట్టంతయు జాఱిపోవును. పిమ్మట ఈకపోగులు మూడు నాలుగింటిని వంపునొద్ద తోకగా గట్టవలెను. తరువాత ఉన్నినూగును దారముపై బెట్టి వ్రేళ్లతో పురిపెట్టి, ముందునకు చుట్టుకొని వచ్చినచో ఒడలేర్పడును. ఒడలి కణుపులను జూపుటకు సన్నని జరీతీగను ఎడమెడముగ చుట్టుదురు. ఆపైని కోడిమెడయీక నొకదానిని గట్టి, రెండు మూడు చుట్లు త్రిప్పగా దాని పోగులు చక్రపు టాకులవలె విచ్చుకొని కాళ్లగును. తుదకు దారపుకొసను దాని చుట్లక్రిందనే దూర్చి బిగించి, వార్నీషుచుక్క నంటింపవలెను. పుంజుయీక బిరుసైనది గాన నీటిపై నిలుచును. పెట్టయీక మెత్తనిది గాన నీరు పీల్చి మునుగును. తేలు ఈగకు మొదటిదియు, మునుగు ఈగకు రెండవదియు తగును.

కోడియీకల వన్నెలను గుర్తించుట మన పల్నాటివారికి ఒకరు నేర్పవలసిన పని గాదు. కోడిపోరుతో ముడివడిన యుద్ధకథ గల సీమ యిది. ఎఱ్ఱనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ యని మన పెద్దలు ఈకను జూచి పుంజునకు పేరు పెట్టిరి. మాయయీగలను గట్టువారును అట్లే వన్నెవన్నెకు వేఱువేఱు పేర్లు పెట్టుకొనిరి.

ఈ యీగలచే ప్రధానముగ పట్టబడు ట్రౌటు మన కృష్ణానదిలో లేదు. అది చల్లని పర్వతజలముల చేప. నీరు 25 డిగ్రీలు సమీపించినచో దానికి ప్రాణాపాయము. అయినను మన గుంటూరుసీమయు, నీలగిరియు ఒకే చెన్నపురి రాజధానిలో నుండిన కాలమున దానిని నీలగిరికి దెచ్చిరి. 1863లో ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు చేసిన ప్రయత్నము విఫలమయ్యెను. 20వ శతాబ్ది తొలి దశాబ్దమున హెచ్. సి. విల్సను పూనికచే అవలాంచి యొద్ద పొదుగుశాల యేర్పడి, ట్రౌటు అచటి యేళ్లలో నిలిచెను. అదే రాజధాని యుద్యోగి యగు హెన్రీ సల్లివన్ థామస్, 1873లో హిందూదేశపు గాలపువేటను గూర్చియు, 1887లో చెఱువులలోని వేటను గూర్చియు గ్రంథములు ప్రకటించెను.

బాసు అనునది ఉత్తర అమెరికా మంచినీటి చేప. దానికి మన కొరమీనుతో చుట్టఱికము లేదు గాని, గుణమున పోలిక కలదు. రెండును కలుపుమాటున పొంచియుండి కప్పలపైకి లంఘించును. రెండును తమ పిల్లలను కాచుకొనును. బాసునకై జింకవెండ్రుకలను గుత్తులుగ గట్టి, కప్ప యాకారమున కత్తిరింతురు. వానిలో గాలి యుండుటచే అది తేలును. ఆ వెండ్రుకలకు బదులు మనకు జీలుగబెండు చాలును. బెండును కప్పవలె చెక్కి, కోడియీకలను వెనుకకాళ్లుగ గట్టినచో కొరమీనునకు తగిన మాయకప్ప యగును. అయితే వానకాలమున ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిపై గనబడినచోట గాలము వేయరాదు. తల్లిదండ్రులను బట్టినచో ఆ గుంపంతయు ఇతర చేపల పాలగును.

ఈ విద్యకు ఒక దుర్దశయు పట్టెను. 19వ శతాబ్దిని ఇంగ్లండున సాల్మను చేపకై కట్టు ఈగలకు దేశదేశముల వింతపక్షుల యీకలను వాడజొచ్చిరి. సాల్మను ఏటిలో బ్రవేశించిన పిదప ఆహారమే ముట్టదు. ఆ యీగలు ఏ పురుగును పోలినవి గావు. అవి మనుష్యుని కన్నును మెప్పించుటకే పుట్టినవి. దక్షిణ భారతదేశపు అడవికోడిపుంజు మెడయీకలపై మైనపుచుక్కల వంటి మెఱుపు మచ్చలు గలవు. వానికొఱకు ఆ పక్షులు విస్తారముగ చంపబడెను. 1902లో అడవిపక్షుల యీకల యెగుమతిని ప్రభుత్వము నిషేధించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పక్షికి రక్షణ నొసగెను. ఆ యాశ యంతటితో చల్లారలేదు. 2009 జూన్ మాసమున ఇంగ్లండులోని ట్రింగు ప్రదర్శనశాలనుండి, ఈ కట్టుటలో ఆఱితేఱిన సంగీతవిద్యార్థి యొకడు 299 పక్షిచర్మములను దొంగిలించెను. వానిలో కొన్ని ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి. దొరకిన వానిలో పెక్కింటికి, అవి ఎప్పు డెచ్చట లభించెనో తెలుపు చీటీలు ఊడదీయబడియుండెను. చీటీ లేని చర్మము శాస్త్రజ్ఞునకు కొఱగాదు. చేతినేర్పు ఎంత యున్నను ఆశ కదుపు లేనిచో ఏమగునో దీనివలన తెలియుచున్నది.

విద్యార్థులారా, మాసిదోనియ జాలరులకు ఇంటికోడియే చాలియుండెను. మీకును అదియే చాలును. వంటయింట పాఱవేయు ఈకలు, తెగిన ఉన్నిదారము, పాతచీర జరీ, కొంచెము మైనము ఉన్నచో పని ప్రారంభింపవచ్చును. కొక్కెపు ముల్లును పట్టుకారుతో నొక్కివేసినచో మీ వ్రేలికి గాని, విడువదలచిన చిన్నచేపకు గాని గాయము స్వల్పమగును. సాగరుకాలువ గట్టు జాఱుడైనది, ప్రవాహము వడిగలది. పెద్దలు తోడు లేక అచటికి పోరాదు. కట్టుటకు ముందు ఒక పుస్తకమున ఏ నెలలో ఏ పురుగు నీటిపై గనబడెనో, దాని పొడవెంతయో, వన్నె యెట్టిదో వ్రాసి బొమ్మ గీయుడు. ఒక సంవత్సరము అట్లు వ్రాసినచో సత్తెనపల్లి చెఱువులకు తగిన పంచాంగము మీ చేత నుండును. అటుపిమ్మట ఏ యీకను ఏరవలెనో మిమ్ము మఱియొకరు చెప్పనక్కఱలేదు.