లోహ దర్పణాలకు వేడిమే పరీక్ష

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పొరుగునున్న జాపాల-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. విలియం హెర్షెల్ 1789లో ఇంగ్లండులో పూర్తిచేసిన దూరదర్శినిలోనూ అంతే వెడల్పున్న దర్పణం ఉండేది. రాగి, తగరం కలిపి పోతపోసిన ఆ దర్పణం మిక్కిలి బరువు, త్వరగా మసకబారేది. దరిమిలా గాజుపై పలుచని లోహపు పూత వేసే పద్ధతి స్థిరపడింది.

అల్యూమినియం దిమ్మను వెనుకవైపు తొలిస్తే తక్కువ ఖర్చుతో తేలికైన దర్పణం తయారవుతుంది. దానికి ఇరువైపులా గట్టి నికెల్ పూత వేసి, ముందుభాగాన్ని నునుపు చేస్తారు. అయితే అల్యూమినియం వేడికి బోరోసిలికేట్ గాజు కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. పగలు ఎండ మండి, రాత్రి చల్లబడే ఇటువంటి మెట్టప్రాంతాల్లో ఇది పెద్ద చిక్కు. దర్పణం ఒకచోట వేడిగా, మరోచోట చల్లగా ఉంటే ఆకృతి చెడి నక్షత్రం మసకగా కనిపిస్తుంది. వేడిని త్వరగా ప్రసరింపజేయడం అల్యూమినియానికున్న సుగుణం. అంతటా సమంగా చల్లబడితే నాభి మాత్రమే కొద్దిగా జరుగుతుంది, దానిని సరిచేసుకోవచ్చు.