రూరల్ మెడిసిన్‌పై ఆసక్తి ఎలా కనిపించాలి?

జూన్ వస్తోందంటే మెడికల్ స్కూల్ అప్లికేషన్ల హడావుడి మొదలవుతుంది. నేను కాన్సాస్‌లోని ఒక చిన్న ఊళ్లో ఫ్యామిలీ డాక్టర్‌ని. ఆ రోజుల్లో నగరాల్లో ఉండే మన తెలుగు తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తుంటాయి. ‘‘మా అమ్మాయి మీ క్లినిక్‌లో ఓ వారం షాడోయింగ్ చేస్తుందండీ. రూరల్ మెడిసిన్ అంటే ఇష్టమని రాసుకోవచ్చు కదా’’ అంటారు. రమ్మనే చెబుతాను. కానీ మళ్లీ చలికాలంలోనూ, ఆ తర్వాత వేసవిలోనూ రావాలని షరతు పెడతాను.

కారణం ఉంది. అమెరికా జనాభాలో దాదాపు ఐదో వంతు గ్రామీణ ప్రాంతాల్లోనే ఉంటుంది. డాక్టర్లలో అక్కడ పనిచేసేది మాత్రం సుమారు పదో వంతే. ఈ లోటు తీర్చడానికే కొన్ని స్కూళ్లు ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ 1971లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇప్పుడు ఐదు రాష్ట్రాల్లో సాగుతోంది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్‌లో ఇలాంటిది 1974 నుంచి ఉంది. కాన్సాస్ యూనివర్సిటీ 2011లో సలైనా పట్టణంలో ఎనిమిది మందితో క్యాంపస్ తెరిచింది. వీటిలో చాలావరకు సొంత రాష్ట్రం వాళ్లకే ప్రాధాన్యం. ముందు ఆ సంగతి చూసుకోండి.

పల్లెలో పెరిగినవాళ్లే ఎక్కువగా పల్లెలో ప్రాక్టీసు పెడతారన్నది ఈ స్కూళ్ల అనుభవం. కాబట్టి నగరం పిల్లలు తమ ఇష్టాన్ని పనిలో చూపించాలి. అయిదు చోట్ల తిరగడం కంటే ఒకే ఊరికి ఏడాది పాటు వెళ్లడం మేలు. చాలా గ్రామీణ కౌంటీల్లో అంబులెన్స్ నడిపేది వాలంటీర్లే. ఈఎమ్‌టీ శిక్షణ తీసుకుంటే వాళ్లతో కలిసి పనిచేయవచ్చు. నర్సింగ్ హోమ్, కౌంటీ ఆరోగ్య విభాగం కూడా మంచి చోట్లే. కోతల సీజన్‌లో రైతు గుండెనొప్పిని కూడా ఎందుకు వాయిదా వేస్తాడో, పాతిక పడకల ఆసుపత్రిలో ప్రసవాల వార్డు మూతపడితే గర్భిణులు ఎంత దూరం వెళ్లాలో అక్కడే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ‘‘ఆ ఊళ్లో నువ్వు ఉండగలవా? పెళ్లయ్యాక నీ భాగస్వామికి ఉద్యోగం ఎలా?’’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేది ఇలా ఉండి చూసినవాళ్లే.

సెలవుల్లో తాతగారి ఊరెళ్లి వైద్య శిబిరంలో బీపీ చూశామని చాలామంది రాస్తారు. అది మంచి అనుభవమే. కానీ గుంటూరు జిల్లా పల్లె చూసినంత మాత్రాన కాన్సాస్ పల్లె తెలిసినట్టు కాదు. రెండూ చూశాకే వాటిని కలిపి రాయాలి.

మరో మాట. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం కింద జే-1 వీసా డాక్టర్లు డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాల్సిన నిబంధన ఉండదు. అలా చిన్న ఊళ్లకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ల పిల్లలు తమ ఊరి పేరు చెప్పడానికే మొహమాటపడతారు. ఊళ్లో తమదొక్కటే తెలుగు ఇల్లు కావడం, కూరగాయలకు రెండు గంటల ప్రయాణం, నాన్న పేషెంటే తమ స్కూల్ బస్ డ్రైవర్ కావడం... ఇవన్నీ అప్లికేషన్‌లో రాయదగ్గ విషయాలే.

ఇక ఇష్టం లేకుండా సీటు కోసమే రాయాలనుకుంటే అసలు రాయకపోవడమే మంచిది. కొన్ని స్కాలర్‌షిప్‌లకు ఒప్పందం ఉంటుంది. నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్ తీసుకుని, డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేస్తానన్న మాట తప్పితే వడ్డీతో కలిపి మూడింతలు కట్టాలి. డబ్బు సంగతి అటుంచితే, ఆ సీటు నిజంగా తిరిగి తన ఊరికి వెళ్లాలనుకున్న ఇంకెవరికో దక్కాల్సింది. అక్కడ ఒక్క డాక్టర్ తగ్గినా రోగులు మరో గంట దూరం వెళ్లాల్సి వస్తుంది. పిల్లలతో కూర్చుని ముందు ఈ విషయం మాట్లాడండి. వ్యాసం సంగతి తర్వాత చూసుకోవచ్చు.