ఊరి నడిబొడ్డున ఒక రన్‌వే

అమెరికాలో ప్రజల వాడకానికి తెరిచి ఉన్న విమానాశ్రయాలు దాదాపు ఐదు వేలు ఉండగా, టికెట్టు కొని ఎక్కే విమానాలు దిగేవి వాటిలో కొన్ని వందలే; మిగిలినవన్నీ సొంత విమానమో, గంటల లెక్కన అద్దెకు తీసుకున్న విమానమో నడుపుకునేవారికి ఉపయోగపడుతున్నవే. అటువంటివారు సెలవురోజున మరో ఊరికి ఎగిరి వెళ్లి, అక్కడ భోంచేసి, పొద్దుగూకేలోగా తిరిగి రావడం చాలాకాలంగా ఉన్న అలవాటు. తిండికి అయ్యే ఖర్చు కంటే అక్కడికి చేరుకోవడానికి అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ కనుక పైలట్లు ఈ ప్రయాణాన్ని ‘వంద డాలర్ల హాంబర్గర్’ అంటారు. ఇంధనం ధర పెరిగి ఆ మొత్తం ఎప్పుడో దాటిపోయినా పేరు మాత్రం అలాగే ఉంది.

ఈ అలవాటుకు పెద్ద ఆటంకం దూరం, అదీ గాలిలో కాదు, దిగాక నేలమీద. విమానాశ్రయాలు సాధారణంగా ఊరి పొలిమేరల్లో ఉంటాయి కనుక, గంటలో రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషి ఆఖరి పది కిలోమీటర్లకు కారు వెతుక్కోవలసి వస్తుంది. ఫ్లోరిడా పశ్చిమ తీరంలో, టాంపా అఖాతం ఒడ్డున ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరానికి ఆ ఇబ్బంది లేదు. అక్కడి ఆల్బర్ట్ విటెడ్ విమానాశ్రయం నగర కేంద్రాన్ని ఆనుకుని, నీళ్ల అంచునే ఉంది. గేటు దాటితే సాల్వడార్ డాలీ చిత్రాల మ్యూజియం, కొంత ముందుకు నడిస్తే పడవల రేవు, తీరం వెంట పార్కులు, వాటికి ఎదురుగా భోజనశాలల వరుస, 2020లో తెరిచిన కొత్త పియరు, అంటే సముద్రంలోకి చొచ్చుకుపోయిన నడకదారి, అన్నీ కాలినడకన అందేవే.

ఆ నడక దానంతటదే సమకూరలేదు. రైలు 1888లో వచ్చాక పెరిగిన ఈ ఊళ్లో తీరమంతా గోదాములకూ సరుకుల రేవులకూ పోవలసి ఉండగా, స్థానిక దినపత్రిక సంపాదకుడు విలియం స్ట్రాబ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో తీరభూమి ప్రజల చేతిలోనే ఉండాలని పట్టుబట్టి ఉద్యమం నడిపారు. ఆ దశాబ్దం ముగిసేసరికి అందులో ఎక్కువ భాగం నగరపాలక సంస్థకు దక్కింది. నేడు పైలట్లు నీడలో నడిచి భోజనానికి వెళుతున్నారంటే దానికి మూలం ఆ పత్రికా సంపాదకుడి పట్టుదలే.

విమానయానంతో ఈ తీరానికి ఉన్న బంధం విమానాశ్రయం కంటే పాతది. 1914 జనవరి 1న ఇక్కడి నుంచి అఖాతం మీదుగా టాంపాకు బయలుదేరిన బెన్వా రకం విమానం, నిర్ణీత వేళలకు రెక్కల విమానంతో నడిచిన తొలి ప్రయాణికుల సర్వీసుగా చరిత్రకెక్కింది. అది నీళ్ల మీద నుంచే లేచి నీళ్ల మీదే వాలే పడవ విమానం. పైకప్పు లేని పడవలో పైలట్ టోనీ జానస్, ఆయన పక్కనే మాజీ మేయర్ ఏబ్రం ఫైల్ కూర్చున్నారు. ఆ తొలి సీటును ఫైల్ వేలంలో 400 డాలర్లకు పాడుకోగా, తరువాతివారికి ఛార్జీ అయిదు డాలర్లు. ఆవిరి పడవలో సుమారు రెండు గంటలు పట్టే దూరాన్ని విమానం 23 నిమిషాల్లో దాటింది. సర్వీసు నాలుగైదు నెలలకే ఆగిపోయినా దారి చూపింది.

ఇంత ఇరుకైన చోట విమానాశ్రయం ఎలా ఇమిడిందన్న ప్రశ్నకు జవాబు విమానం చిన్నదనంలోనే ఉంది. పెద్ద జెట్ విమానాలకు మూడు కిలోమీటర్ల రన్‌వే కావలసి ఉండగా, ఇక్కడి రెండు రన్‌వేలలో పెద్దది దాదాపు 1,120 మీటర్లు, చిన్నది 870. నలుగురు కూర్చునే సెస్నా 172 నేల తాకాక రెండు వందల మీటర్లలోపే ఆగగలదు కనుక ఆ పొడవు ధారాళంగా సరిపోతుంది. అయితే నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు పెద్దవాళ్లు ఎక్కవచ్చని కాదు. కొత్త రకం సెస్నా 172 బయలుదేరేటప్పుడు మొత్తం బరువు 1,157 కిలోలు దాటకూడదు. ట్యాంకులు నిండా నింపితే మనుషులకూ సామానుకూ మిగిలేది సుమారు 250 కిలోలే. అందువల్ల ఎవరు వస్తారో, ఎంత ఇంధనం పోయాలో ముందే లెక్క వేసుకుంటారు. గంటకు ముప్పై మూడు లీటర్లకు అటూ ఇటూ ఖర్చయ్యే ఈ విమానంలో ఒర్లాండో నుంచి రావడానికి గంట లోపే పడుతుంది.

భోజనానికి వచ్చినవారు ఎక్కువగా అడిగేది గ్రూపర్ శాండ్‌విచ్. గ్రూపర్ మెక్సికో సింధుశాఖలో దొరికే పెద్ద చేప. దాని తెల్లని, మందపాటి ముక్కను వేయించో, నిప్పుల మీద కాల్చో, కారపు మసాలా పట్టించి పెనం మీద నల్లబడేదాకా మాడ్చో రొట్టె మధ్య పెడతారు. ఖరీదైన చేప కావడంతో కల్తీ కూడా జరిగింది: 2006లో స్థానిక పత్రిక డీఎన్ఏ పరీక్షలు చేయించగా, కొన్ని భోజనశాలల్లో గ్రూపర్ పేరుతో చౌక చేపలు వడ్డిస్తున్నట్టు తేలింది. అఖాతం అవతలి టాంపా నుంచి వచ్చిన క్యూబన్ శాండ్‌విచ్ కూడా విరివిగా దొరుకుతుంది. పంది మాంసం, చీజ్, ఆవాల ముద్దలతో పాటు టాంపా పద్ధతిలో ఇటాలియన్ సలామీ కూడా చేరడానికి కారణం, అక్కడి చుట్టల కార్ఖానాల్లో క్యూబన్లూ ఇటాలియన్లూ పక్కపక్కనే పనిచేయడం.

పైలట్ మాత్రం బీరు ముట్టరాదు. మద్యం తాగిన ఎనిమిది గంటలలోపు విమానం నడపడాన్ని చట్టం నిషేధించింది. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లోపలికి వీచి ఉరుముల మేఘాలను లేపుతుంది కాబట్టి, అనుభవజ్ఞులు పొద్దున్నే వచ్చి, మేఘాలు పెరగకముందే బయలుదేరుతారు. బయలుదేరేముందు రెక్క కింది చిన్న కవాటాన్ని నొక్కి కొద్దిపాటి ఇంధనాన్ని పారదర్శకమైన గ్లాసులోకి పట్టి వెలుగుకు ఎత్తి చూస్తారు; ఇంధనం లేత నీలంగా కనబడాలి, నీరేదైనా చేరి ఉంటే అది బరువు కనుక అడుగున వేరుగా నిలుస్తుంది. నీరు పూర్తిగా పోయేదాకా వంచి పట్టి, మళ్లీ చూస్తారు.

ఇటువంటి చోట్లు ఎంత సులభంగా పోతాయో 2003లో షికాగో చూపించింది. సరస్సు ఒడ్డున, ఆకాశహర్మ్యాలకు దగ్గరలోనే ఉన్న మెగ్స్ ఫీల్డ్ రన్‌వేను మేయర్ రిచర్డ్ డేలీ ఆదేశంతో మార్చి 30 అర్ధరాత్రి బుల్డోజర్లు తవ్వేశాయి. అక్కడ నిలిపి ఉంచిన విమానాలు తరువాత పక్కనున్న టాక్సీ దారి మీదుగా ఎగిరిపోవలసి వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ, ఇంత విలువైన తీరభూమిని కొద్దిమంది విమాన యజమానులకు వదిలేయడం కంటే పార్కుగా మార్చడమే న్యాయమన్న వాదన లేచింది, ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ అక్కడ నిర్ణయాన్ని ఓటర్లకు వదిలారు. అదే ఏడాది నవంబరులో వారు విమానాశ్రయాన్నే ఉంచుకున్నారు. ఆ తరువాత కొత్త టెర్మినల్, కొత్త కంట్రోల్ టవరు కట్టారు. టెర్మినల్‌లో ఉన్న భోజనశాలకు పైలట్లే కాక విమానాలు చూడవచ్చే ఊరివాళ్లూ పిల్లలతో వచ్చి తింటున్నారు. రన్‌వేలలో ఒకటి ప్రతి వసంతంలో జరిగే ఇండీకార్ పందెంలో కార్లు దూసుకుపోయే దారిగా కూడా మారుతుంది.