అద్దాల పెట్టెలో విషసుందరి
లయన్‌ఫిష్‌ను కొనడం తేలికే. దాన్ని పదేళ్లకు పైగా సాకడమే అసలు పరీక్ష

ఎరుపు, తెలుపు చారల ఒళ్లు. విసనకర్రల్లా విచ్చుకున్న రెక్కలు. ఎవరికీ భయపడనట్టు తీరిగ్గా ఈత. లయన్‌ఫిష్‌ను ఒకసారి చూస్తే చూపు తిప్పుకోవడం కష్టం. సూరత్‌లోని ఆల్థాన్ లాంటి చోట అపార్ట్‌మెంట్ హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారిని ఊరించేది ఆ అందమే. కానీ దాని వీపు మీద 13, పొట్ట కింద 5, మొత్తం 18 విషపు ముళ్లుంటాయి.

ముందు నీటి సంగతి. డుమస్ తీరం ఆల్థాన్‌కు దగ్గరే అయినా ఖంభాత్ సింధుశాఖలోని బురదనీరు ట్యాంకుకు పనికిరాదు. శుద్ధి చేసిన నీటిలో ప్రత్యేకమైన ఉప్పు కలుపుకోవాల్సిందే. నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య నిలవాలి. అంటే సూరత్ ఎండాకాలంలో చిల్లర్ తప్పనిసరి. అరచేతిలో పట్టేంత పిల్లగా ఇంటికొచ్చే చేప 38 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దానికి కనీసం 450 లీటర్ల ట్యాంకు కావాలి. ఆ నీటి బరువే దాదాపు అర టన్ను.

ఇక తిండి. నోట్లో పట్టే ఏ చేపనైనా ఇది గుటుక్కున మింగేస్తుంది. అందుకే చిన్న చేపలను దీనికి తోడుగా వదలకూడదు. చవగ్గా దొరికే గోల్డ్‌ఫిష్‌లనే రోజూ వేస్తే కాలేయానికి కొవ్వు పడుతుంది. పొడవాటి పుల్లకు గుచ్చిన రొయ్య ముక్కలను తినడం దీనికి ఓపిగ్గా అలవాటు చేయాలి. అలంకరణ కోసం పగడపు దిబ్బల ముక్కలు కొనడం మరో ప్రమాదం. 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. బతికున్నవైనా, ఎండినవైనా అమ్మడం, కొనడం నేరమే.

లయన్‌ఫిష్ వెంటబడి కుట్టదు. ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు ఏమరుపాటుగా పెట్టిన చేతికే ముల్లు దిగుతుంది. ఈ జాతి చేపల విషానికి గురైన 51 మంది కేసులపై అమెరికాలో 1985లో ఒక అధ్యయనం వెలువడింది. అందులో 45 లయన్‌ఫిష్ వల్ల జరిగినవే. నొప్పి భరించలేనంతగా ఉంటుంది, చెయ్యి వాస్తుంది. ప్రాణం పోవడం మాత్రం చాలా అరుదు. వేడికి ఈ విషం విరుగుతుంది కాబట్టి, గాయమైన చేతిని సుమారు 45 డిగ్రీల వేడి నీటిలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. నీళ్లు చర్మం కాలేంత వేడిగా ఉండకూడదు. ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాముకాటుకిచ్చే మందు దీనికి పనిచేయదు.

అంతకన్నా పెద్ద ముప్పు యజమానికి మోజు తీరాక మొదలవుతుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన ఈ చేప 1985లో ఫ్లోరిడా తీరంలో కనిపించింది. పెంచలేక సముద్రంలో వదిలేసినవారే అందుకు కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఒక ఆడ చేప ఏటా దాదాపు 20 లక్షల గుడ్లు పెడుతుంది. అక్కడ దాన్ని వేటాడే జీవులూ తక్కువే. చూస్తుండగానే అది కరీబియన్ అంతటా పాకింది. లయన్‌ఫిష్ చేరిన దిబ్బల్లో అయిదు వారాల్లోనే కొత్తగా చేరే స్థానిక చేపపిల్లలు 79 శాతం తగ్గాయని బహామాస్‌లో చేసిన ప్రయోగం 2008లో తేల్చింది. ఫ్లోరిడా 2014లో వీటి దిగుమతిని నిషేధించింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మన సముద్రాలకు లయన్‌ఫిష్ కొత్త కాదు. అలాగని ట్యాంకులోని చేపను డుమస్‌లో వదిలితే పుణ్యం రాదు. దాని వెంట రోగాలూ పరాయి జీవులూ నీటిలో చేరతాయి. ఇళ్లలో పెరిగే లయన్‌ఫిష్‌లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టుకొచ్చినవే. అవి పదేళ్లకు పైగా బతకగలవు. అన్నేళ్లూ చూసుకోలేననుకుంటే, దుకాణంలోనే దాని అందాన్ని ఆస్వాదించి ఉత్త చేతులతో ఇంటికెళ్లడం మేలు. అది చేపకూ మంచిదే, చేతికీ మంచిదే.