నంబరు ఒకటే, స్వరములు అనేకము



రేడియోలో బైబిలు మాట వినబడితే చాలు, అది దేవుని మాటే అని నమ్మేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ నమ్మకం ఎంతవరకు సరియైనదో తెలుసుకొనుటకు ఒక స్టేషన్ చరిత్రను ధ్యానించుదము. అది అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరపు ఎఫ్.ఎం. 106.9.

ముందుగా ఒక చిన్న వివరణ. ఎఫ్.ఎం. తరంగము దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తుంది. రెండు స్టేషన్లు దగ్గర దగ్గర నంబర్లలో పలికితే ఒకదానిపై ఒకటి పడి ఏదీ సరిగా వినబడదు. కాబట్టి ఒక్కొక్క నగరానికి దొరికే నంబర్లు కొన్నే. నంబరు అలాగే ఉంటుంది, యజమాని మారతాడు, కార్యక్రమాల తీరు మారుతుంది. ఈ తీరునే ‘ఫార్మాట్’ అంటారు.

1. పాటల కాలము

1960లలో ఈ నంబరుపై కె.ఎం.పి.ఎక్స్. అనే స్టేషన్ ఉండేది. అప్పట్లో జనం ఎక్కువగా ఏ.ఎం. వినేవారు. ఎఫ్.ఎం.కు ఆదాయం తక్కువ. అందుచేత ఈ స్టేషన్ తన సమయాన్ని గంటల లెక్కన వివిధ భాషల కార్యక్రమాలకు అద్దెకిచ్చేది. 1967 ఏప్రిల్‌లో టామ్ డొనహ్యూ అనే వ్యక్తి వచ్చి, హిట్ పాటల జాబితాను పక్కనబెట్టి, తనకు నచ్చిన రాక్ పాటలను వరుసగా వినిపించాడు. నగర యువత అటు తిరిగింది. అయితే 1968 మార్చిలో సిబ్బంది సమ్మె చేసి, తరువాత వేరే స్టేషన్‌కు వెళ్లిపోయారు. 1970లలో అదే నంబరుపై పాతకాలపు బిగ్ బ్యాండ్ సంగీతం వినబడింది.

2. వాక్యపు కాలము

1978లో ఫ్యామిలీ రేడియో అనే క్రైస్తవ సంస్థ ఈ నంబరుకు వచ్చింది. అది 1959లోనే అదే నగరంలో 97.3పై ప్రసారాలు ప్రారంభించిన సంస్థ. స్టేషన్ పేరు కె.ఇ.ఎ.ఆర్. కీర్తనలు, బైబిలు పఠనము, ప్రసంగములు ఉండేవి. వాణిజ్య ప్రకటనలు లేవు, శ్రోతల కానుకలే ఆధారము. రాక్ పాటలు పలికిన చోట వాక్యము పలికింది. ఇది సంతోషింపదగిన సంగతే. 2005లో సంస్థ 106.9ను ఒక వాణిజ్య సంస్థకు ఇచ్చి ఏ.ఎం. 610కు మారింది. ఆ తరువాత 106.9పై మాటల కార్యక్రమాలు, 2007లో పాత హిట్ పాటలు, 2008లో వార్తలు వచ్చాయి.

3. ఫార్మాట్ మారకుండానే బోధ మారుట

ప్రియులారా, ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. శ్రోతలకు ఎక్కువ నష్టం కలిగించినది పాటలు కాదు, వార్తలు కాదు. ఫ్యామిలీ రేడియో స్థాపకులలో ఒకరైన హెరాల్డ్ క్యాంపింగ్ శ్రోతల ప్రశ్నలకు జవాబులిచ్చే బోధకుడు. ఆయన సంఘయుగము ముగిసిందనీ, విశ్వాసులు సంఘములను విడిచి రావాలనీ బోధించారు. 2011 మే 21 తీర్పు దినమని లెక్కకట్టి ప్రకటించారు. ఆ దినం గడిచిపోయింది. తరువాత అక్టోబరు 21 అన్నారు, అదీ గడిచిపోయింది. ఆ మాటలు నమ్మి సంఘమును విడిచినవారున్నారు, దాచుకున్న డబ్బు ప్రచారానికి ఖర్చు చేసినవారున్నారు. 2012 మార్చిలో ఆయనే తేదీ నిర్ణయించుట పాపమని ఒప్పుకొన్నారు. 2013లో మరణించారు. 2018లో ఆ సంస్థ ఆయన బోధలను ప్రసారం చేయడం మానుకున్నది.

వినువారికి స్టేషన్ పేరు అదే, కీర్తనలు అవే, స్వరము అదే. బోధ మాత్రం దారి తప్పింది. ఫార్మాట్ మారితే చెవికి వెంటనే తెలుస్తుంది. బోధ మారితే బైబిలు తెరచినవారికే తెలుస్తుంది.

4. మనకు పాఠము

మన దేశంలో మత సంస్థలకు ప్రైవేటు ఎఫ్.ఎం. లైసెన్సు ఇవ్వరు. సీషెల్స్ దీవులనుండి ఫెబా షార్ట్‌వేవ్ ద్వారా వచ్చిన సువార్తను మన పల్లెల్లో విన్నవారున్నారు. 2003లో ఆ ప్రసారములు అక్కడినుండి ఆగిపోయాయి. ఇప్పుడు ఫోనులో లెక్కలేనన్ని ప్రసంగములు వినబడుచున్నవి. కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకొనుడి.

మొదటిది, ఈ బోధకుడు తండ్రికి మాత్రమే తెలిసిన దినమును తనకు తెలుసునంటున్నాడా? (మత్తయి 24:36)

రెండవది, సంఘముగా కూడుకొనుట మానమంటున్నాడా? (హెబ్రీ 10:25)

మూడవది, విన్నదానిని బెరయవారివలె నేను లేఖనములలో వెదకి చూచితినా? (అపొ. కార్య. 17:11) బెరయవారు పౌలు బోధనే పరీక్షించిరి. అట్లయిన రేడియో ప్రసంగమును పరీక్షించుట తప్పు కాదు. ఈ పత్రికలో అచ్చయ్యే ప్రసంగములకు కూడ అదే కొలత.

రేడియో మంచి సేవకుడే గాని కాపరి కాదు. మీరు జబ్బుపడితే మీ ఇంటికి వచ్చి ప్రార్థించునది మీ సంఘమే. ప్రసారము విని ఆనందించుడి, ఆదివారము మందిరమునకు వెళ్లుడి, ఇంట బైబిలు తెరచుడి. నంబర్లు మారును, స్టేషన్లు చేతులు మారును, దేవుని వాక్యము నిలుచును. ఆ వాక్యమునందు ప్రభువు మనలను స్థిరపరచును గాక. ఆమేన్.