ఆర్‌వీని ఇంటి కరెంట్‌కి పెడుతున్నారా? ఆంప్స్ ఒక్కటే చూస్తే సరిపోదు

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో కొంతమంది ఆర్‌వీ కొనుక్కుని, ఇంటి గరాజ్ పక్కన దానికోసం ప్రత్యేకంగా ఒక సాకెట్ పెట్టించుకుంటారు. అక్కడ జరిగే ఒక వైరింగ్ పొరపాటు గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ పొరపాటు ఒక్క క్షణంలో ఆర్‌వీలో ఉన్న మైక్రోవేవ్, టీవీ, ఛార్జర్ అన్నీ కాల్చేయగలదు.

ముందు బేసిక్స్. మన ఊళ్ళో ఇంటి సాకెట్ అంటే 230 వోల్ట్‌లు. అమెరికాలో అలా కాదు. ఇంటి ప్యానెల్‌కి రెండు హాట్ వైర్లు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక హాట్‌కి, న్యూట్రల్‌కి మధ్య 120 వోల్ట్‌లు. రెండు హాట్‌ల మధ్య 240. మామూలు సాకెట్లన్నీ 120. బట్టల డ్రయ్యర్ లాంటి పెద్దవాటికే 240.

ఇప్పుడు అసలు విషయం. చాలా ఆర్‌వీలకి 30 ఆంప్స్ ప్లగ్ ఉంటుంది. దాని సాకెట్ పేరు టిటి-30. మూడు కాళ్ళు: ఒక హాట్, ఒక న్యూట్రల్, ఒక గ్రౌండ్. అంటే ఇది 120 వోల్ట్‌లది. కానీ ఇళ్ళల్లో 30 ఆంప్స్ అంటే ఎలక్ట్రీషియన్‌కి ముందు గుర్తొచ్చేది డ్రయ్యరే. పాత డ్రయ్యర్ సాకెట్‌కి కూడా మూడు రంధ్రాలే. దాంతో అలవాటుగా రెండు హాట్ వైర్లు లాగేస్తాడు. ప్లగ్ చక్కగా పడుతుంది, లోపలికి మాత్రం 240 వెళ్తుంది.

బ్రేకర్ పడిపోతుంది కదా అంటారా? బ్రేకర్ చూసేది ఆంప్స్‌ని, వోల్ట్‌లని కాదు. వోల్టేజ్ రెట్టింపైతే హీటర్ కాయిల్ లాంటి వాటిలో పవర్ నాలుగు రెట్లవుతుంది. బ్రేకర్ మేలుకునేలోపే వస్తువులు పోతాయి.

అందుకే ఆర్‌వీ ప్లగ్ పెట్టకముందే ఖాళీ సాకెట్‌ని మల్టీమీటర్‌తో చెక్ చేయించండి. మూడు రీడింగులు చాలు. హాట్-న్యూట్రల్ మధ్య సుమారు 120. హాట్-గ్రౌండ్ మధ్య సుమారు 120. న్యూట్రల్-గ్రౌండ్ మధ్య దాదాపు సున్నా. మొదటి రీడింగ్ 240 వచ్చిందా, అక్కడితో ఆపేయండి. మీటర్ వాడటం అలవాటు లేకపోతే మీరు ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్‌నే మీ ముందు కొలిచి చూపించమనండి.

మీటర్ లేకుండా కనిపెట్టే గుర్తు కూడా ఒకటుంది. ప్యానెల్‌లో ఆ సాకెట్ బ్రేకర్ చూడండి. టిటి-30కి సింగిల్ పోల్ బ్రేకర్ ఉండాలి. రెండు బ్రేకర్లు జంటగా కలిపినట్టున్న డబుల్ పోల్ కనిపిస్తే అనుమానించాల్సిందే. నాలుగు కాళ్ళ 50 ఆంప్స్ ప్లగ్ వేరే కథ, దానికి డబుల్ పోల్ కరెక్టే.

మరి రెంట్‌కి తెచ్చుకుని, అడాప్టర్‌తో మామూలు సాకెట్‌కి పెట్టేవాళ్ళ సంగతేంటి? 15 ఆంప్స్ సాకెట్ అంటే 1800 వాట్లే. ఫ్రిజ్ చల్లబడటానికి, బ్యాటరీ ఛార్జింగ్‌కి ఓకే. ఏసీ, మైక్రోవేవ్ కలిపి వేయకండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు అస్సలొద్దు, అది వేడెక్కి కరిగిపోతుంది.

ఇంకొకటి, ప్రాణం మీదకి వచ్చేది. గ్రౌండ్ వైరు తెగిపోయి, లోపల ఎక్కడో కరెంట్ లీకైతే ఆర్‌వీ బాడీ మొత్తానికి కరెంట్ వస్తుంది. కింద ఉన్నవి రబ్బరు టైర్లు కాబట్టి ఆ కరెంట్ భూమిలోకి పోదు. తడి నేల మీద నిలబడి డోర్ పట్టుకున్నారంటే మీరే దానికి దారి అవుతారు. చేతికి కాస్త చిమచిమలాడినా తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే వదిలేసి, ఇంట్లో బ్రేకర్ ఆఫ్ చేసి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. ఈఎంఎస్ అనే ప్రొటెక్టర్‌ని సాకెట్‌కి, ఆర్‌వీకి మధ్య పెడితే ఎక్కువ వోల్టేజ్ వచ్చినా, గ్రౌండ్ లేకపోయినా కరెంట్‌ని లోపలికి వదలదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచేటప్పుడు "ఆర్‌వీకి 30 ఆంప్స్ సాకెట్ కావాలి" అని వదిలేయకండి. "టిటి-30, 120 వోల్ట్‌లు, సింగిల్ పోల్ బ్రేకర్" అని మెసేజ్ పెట్టండి. ఆర్‌వీ ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో షేర్ చేయండి.